కుడి పళ్లెంలో హ్యాండిల్

మా మగ్గం మా ఇంట్లో ఉంటుందో పోతుందో, హ్యాండిల్ పని అయ్యాక చెబుతానన్నాడు పాండురంగ్ సేఠ్. అందుకని కూర్చున్నాం. షోలాపూర్ దాజీ పేటలో సేఠ్ కార్ఖానా వాకిలి, నూలు గది గోడ పక్కన రెండు మూరల నీడ, ఆ నీడలో నేనూ మా అత్త చంద్రభాగా, నా ఒళ్లో నాలుగు లుగడీ చీరల మూట. నా మొగుడు సిద్ధరాములు మాత్రం ఎండలోనే నిలబడ్డాడు. నీడలో చోటు లేక కాదు, సేఠ్ ముందు కూర్చోవడం ఆయనకు చేతకాదు. పొద్దున మూట తూచారు. ఇచ్చిన నూలు మూడు సేర్లు, నేసి తెచ్చిన చీరలు మూడు సేర్లకు తొమ్మిది తులాలు తక్కువ. వరసగా ఇది మూడోసారి. "సూత్ దొంగతనంగ అమ్ముకునేటోనికి నా మగ్గం ఎందుకురా? రేపు మనుషులను పంపుత, ఇప్పుకోని వస్తరు" అన్నాడు సేఠ్. ఇంకా ఏదో అనబోతుండగా స్టేషన్ నుంచి టాంగా వచ్చి ఆగింది. సేఠ్ కొడుకు మురళీధర్ దిగాడు, చంకలో పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు కాగితపు పొట్లాలు ఎత్తుకుని. సేఠ్ ముఖం తడిగుడ్డతో తుడిచిన పలకలా అయిపోయింది. క్షణం కింద దొంగలమైన వాళ్లం ఇప్పుడు ఎవరమూ కాకుండా పోయాం. "ఉండున్రి, ఈ పని కానియ్యున్రి" అన్నాడు మా వైపు చూడకుండానే.

పొట్లాలు విప్పారు. లోపల రెండు సైకిలు హ్యాండిళ్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంకర తిరిగినవి. ఒకటి అద్దంలా మెరుస్తోంది, ఒకటి సత్తు గిన్నెలా బూడిద రంగు. ఇనుమా అని ఎవరో అడిగితే మురళీధర్‌కు కోపం వచ్చింది. ఇనుము కాదట, విమానాలు చేసే లోహమట, బొంబాయిలో ఒక దొర దుకాణంలో రెండూ తెప్పించి పెట్టించుకున్నాడట, రేపటి బండికి ఒకటి తిప్పి పంపాలట. వచ్చే ఆదివారం పందెం. షోలాపూర్ నుంచి అక్కల్‌కోటకు పోయి తిరిగి రావాలి. కార్ఖానాదారుల కొడుకులు తొక్కుతారు, చేతి మగ్గాల మనుషులు రోడ్డు పొడుగునా నిలబడి కేకలు వేస్తారు, ఆ పూట మజూరీ ఉండదు. పోయినేడు సాఖర్ పేట కార్ఖానాదారు కొడుకు మురళీధర్ కంటే ఒక్క సైకిలు పొడవు ముందు వచ్చాడు. అప్పటి నుంచి ఈ ఇంట్లో అది ఒక రోగమైపోయింది. ఓడిపోయిన మనిషి కారణం వెతుక్కుంటాడు, ఈయన కారణాన్ని బొంబాయి నుంచి కొనుక్కొచ్చాడు. హ్యాండిల్ బరువు వల్ల ఓడిపోయాడట. కాళ్ల వల్ల కాదు, పొట్ట వల్ల కాదు. పోయినేడు దారిలో వళ్‌సంగ్ దగ్గర దిగి రెండు గ్లాసుల చెరుకు రసం తాగాడని వాకిట్లో అందరికీ తెలుసు, ఆ రెండు గ్లాసుల వల్ల కూడా కాదు.

మురళీధర్ వేళ్లు చూస్తున్నాను. ఎడమ చేతికి రెండు ఉంగరాలు, కుడి చేతికి రెండు. ఆ చేతులతో ఒక హ్యాండిల్ ఎత్తుతాడు, కళ్లు మూసుకుంటాడు, దించుతాడు, రెండోది ఎత్తుతాడు. నాలుగు ఉంగరాలు వేసుకుని తులమో అరతులమో బరువు వెతుకుతున్నాడు. నవ్వు వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, మా అత్త నా మోకాలు గిల్లింది. ఆమె ఏడుస్తున్నాననుకుంది. ఏడవడం అయితే గిల్లనక్కర లేదు, ఈ వాకిట్లో ఏడుపుకు చోటుంది, ఆడవాళ్ల నవ్వుకే లేదు. ఏడ్చాను కూడా, మొదటిసారి మూట తక్కువైనప్పుడు. అప్పుడు ఆరు తులాలు. తెల్లారి లేచి చూస్తే నా పెట్టె తెరిచి ఉంది. నా రవికలు, మా అమ్మ ఇచ్చిన అద్దం, బడిలో రాసుకున్న పలక ముక్క, అన్నీ నేల మీద ఉన్నాయి. మా అత్త ఏమీ దొరకక అద్దం తిప్పి వెనక కూడా చూసింది. అద్దం వెనక ఆరు తులాల నూలు ఎలా దాగుతుందని నేను అడగలేదు. నేను మాట్లాడని పిల్లననే కదా చేసుకున్నారు. సిరిసిల్ల దగ్గర మా ఊళ్లో సొంతంగా నడిపే ఖాన్గీ బడి పంతులు నాలుగో పుస్తకం దాకా చెప్పి, ఈ పిల్లకు అక్షరాలొచ్చాయి గానీ నోరు రాలేదని మా నాయనతో అన్నాడు. మా అత్త వాళ్లకు ఆ రెండో మాటే నచ్చింది.

రెండోసారి ఎనిమిది తులాలు. అప్పటి నుంచి మా ఆయన నా వెనక కూర్చుని నేను కండెలు చుట్టడం చూడడం మొదలుపెట్టాడు. తెగిన పోగు ముక్క ప్రతిదీ డబ్బాలో వేయాలి, సాయంత్రం ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తాడు. ఒక మొగవాడు అంత శ్రద్ధగా నా చేతి పనిని చూడడం అదే మొదలు. చూసి ఏం తెలుసుకున్నాడు? రాట్నం మీద నూలు చిలపను, ఆ పోగుల చుట్టను, వేసేటప్పుడే నా చేతికి తెలిసేది, ఇది తక్కువగా ఉంది. కార్ఖానాలో మూడు సేర్లని కేక వేసి ఇచ్చిన నూలు నా చేతుల్లో మూడు సేర్లుగా కూర్చునేది కాదు. ఎనిమిదేళ్ల నుంచి చిలపలు పట్టిన చేతులు. కానీ నేనేమనుకున్నాను? ఇది పల్లె చెయ్యి, షోలాపూర్ సేరు వేరేమో, నాకే తెలియదేమో అనుకున్నాను. ఇనుప గుండ్ల కంటే, ఇత్తడి పళ్లాల కంటే, పసుపు కుంకుమ పెట్టిన తక్కెడ కంటే నా చెయ్యి ఎక్కువా? ఇప్పుడు కూర్చుని ఆ మురళీధర్‌ను చూసి నవ్వుకుంటున్నాను గానీ, ఈ వాకిట్లో నా అంత మూర్ఖురాలు ఇంకొకతి ఉందా?

ఉంది. వరసలో ఉంది. మా వెనక మూట పట్టుకుని కూర్చున్న నేతగాడి పెళ్లాం అంజమ్మ. పోయిన శ్రావణంలో వాళ్ల మూట తక్కువైతే మొగుడు నూలు కర్రతో ఆమె కుడి ముంజేతి మీద కొట్టాడు, ఎముక సరిగ్గా అతకలేదు, ఇప్పుడు రాట్నం ఎడమ చేత్తో తిప్పుతుంది. ఆ వెనక ఇంకా నాలుగైదు ఇళ్లవాళ్లు. ప్రతి ఇంట్లోనూ ఒక ఆడది దొంగ. ఇది మా వాళ్ల తెలివి. బట్ట తక్కువైతే ముందు కోడల్ని చూస్తారు, కోడలు లేకపోతే ఆడబిడ్డను, ఎవరూ లేకపోతే ఎలుకల్ని. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంటికి చెప్పరు, పరువు. అన్ని ఇళ్లలోనూ ఎలుకలు, అన్ని ఇళ్లలోనూ దొంగ కోడళ్లు, అందరూ తలుపులు మూసుకుని ఎవరి దొంగను వాళ్లు తిట్టుకుంటారు. పైకి మాత్రం చావడిలో కూర్చుని మన పద్మశాలోళ్లమంతా ఒక్కటే అంటారు.

"ఏది హల్కా, ఏది తేలిక అంటవ్ గోవర్ధన్?" అని అడుగుతున్నాడు మురళీధర్. గోవర్ధన్ సైకిలు మిస్త్రీ, చేతులకు ఎప్పుడూ నల్లటి గ్రీసు. సేఠ్ పిలిపిస్తే వచ్చాడు, ఈ వాకిట్లో మజూరీ తీసుకోని మొగవాడు ఆయనొక్కడే, అందుకేనేమో ఆయన మాటకు వెన్నెముక ఉంది.

"నా చేతికి రెండు ఒక్కటే, చిన్న సేఠ్. వజన్ ఎందుకు చూస్తరు? మీ భుజాలు చూసుకోన్రి. గీ బూడిదది వెడల్పున్నది, మీ ఛాతీకి బరాబర్. మెరిసేది ఇరుకు, అక్కల్‌కోట ఎత్తెక్కేటప్పుడు ఊపిరి ఆడదు."

"అరె, పుణెల పెద్ద రేసోళ్లందరు వజనే చూస్తరు. ఒక తులం తగ్గితే ఒక మైలుకు ఎంత తగ్గుతదో నీకేం ఎరుక?"

"నాకెరుక లేదు. గంతే కావాలంటే రెండు ఉంగరాలు తీసి ఇంట్ల పెట్టున్రి, ఇంకో రెండు మైళ్లు తగ్గుతది."

వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే దగ్గుగా మార్చారు. సేఠ్ నవ్వలేదు. "మిస్త్రీ, నీ పని బిగించుడు. ఏది బిగించాల్నో మేం చెప్తం." మురళీధర్ కూడా కోపం తెచ్చుకోలేదు, ఉంగరాల మాట ఆయనకు అందనే లేదు. ఆయన తలకు ఏదైనా అందాలంటే ముందు బొంబాయి పోయి రావాలి. రెండు హ్యాండిళ్లనూ పక్కపక్కన పట్టుకుని, ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఆడపిల్ల గాజులు ఎంచుకుంటున్నట్టు. లేదు, ఆ మాట తప్పు, ఆడపిల్లలు ఇంతసేపు ఎంచుకోరు, వాళ్లకు ఇంట్లో పనులుంటాయి. మా మగ్గం ఇంటికి వచ్చిన రోజు మా ఆయన దాని ముందు ఇలాగే నిలబడ్డాడు. సేఠ్ ఇచ్చిన మగ్గమే, మాది కాదు, అయినా దానికి దండ వేశాడు. ఆ మగ్గం పోతే ఏముంది? ఆయన మిల్లుకు పోతాడు, భోంగా కూతకు లేచి భోంగా కూతకు వస్తాడు. నేనూ అత్తా బీడీలు చుట్టాలి, పొగాకు దుమ్ముకు అత్త దగ్గు ఇంకా పెరుగుతుంది. అది కూడా పెద్ద మాట కాదు, అందరూ బతుకుతున్నారు. కానీ దాజీ పేటంతా అంటుంది, ఫలానా కోడలు నూలు దొంగిలిస్తే వాళ్ల మగ్గం పోయిందని. ఆ మాట నేను చచ్చినా చావదు. రేపు నాకు కూతురు పుడితే దాని పెళ్లినాడు కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. తొమ్మిది తులాలు, గుప్పెడు దూది. దాని కోసం నిన్న మా అత్త బియ్యం కుండలో చెయ్యి పెట్టి అడుగు దాకా కెలికింది.

"చేతులతోని తేలదు, తరాజుల పెట్టియ్యి బాబా" అన్నాడు మురళీధర్. "తరాజు అబద్ధమాడదు."

సేఠ్ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణాన్ని ఎవరూ చూడలేదు, నేను చూశాను, నాకు చూడడం తప్ప వేరే పని ఎప్పుడూ లేదు కనుక. గొంతు సవరించుకుని, "తరాజు సూత్‌కు, బట్టకు. సైకిలు సామాన్ల కోసం కాదు, లక్ష్మి" అన్నాడు. కొడుకు నవ్వాడు, పుణెలో చదివిన నవ్వు. "లక్ష్మికి సైకిలంటే మైలనా? పెంటప్పా, పెట్టు." పెంటప్ప తూకం వేసే దివాన్జీ, ముప్పై ఏళ్ల నుంచి అదే పని, ఆ మనిషి చేతులకు తలతో సంబంధం లేదు. అలవాటు ప్రకారం ముందు అందిన బూడిద రంగు హ్యాండిల్‌ను కుడి పళ్లెంలో పెట్టాడు, మెరిసేదాన్ని ఎడమ పళ్లెంలో. కుడి పళ్లెం దిగింది. ఎక్కువ కాదు, ముల్లు ఒక గోరంత పక్కకు వాలింది. "బూడిదది జడ్ ఉన్నది, బరువున్నది!" అని చప్పట్లు కొట్టాడు మురళీధర్. "చూసినవా గోవర్ధన్, ఒక్కటే అంటివి! తరాజు ముందట నీ చెయ్యెంత?"

గోవర్ధన్ తన చేతుల్ని తను చూసుకున్నాడు. నేనూ నా చేతుల్ని చూసుకున్నాను. ఆయన ఒక్కటే అన్నాడు, తక్కెడ ఒక్కటి కాదంది. నేను తక్కువ అన్నాను, లోపలే అనుకోండి, తక్కెడ మూడు సేర్లు అంది. రెండు జతల చేతులు, ఒకే తక్కెడ, రెండుసార్లూ చేతులదే తప్పా? పెళ్లై వచ్చిన ఈ రెండేళ్లలో నేను ఆ తక్కెడ వైపు చూడడం అదే మొదలేమో, ఎప్పుడూ గుండ్ల వైపే చూసేవాళ్లం. దూలానికి వేలాడే పాత ఇత్తడి తక్కెడ, సేఠ్ తాత కాలం నాటిది. ఇచ్చే నూలు ఎప్పుడూ కుడి పళ్లెంలోనే, వచ్చే బట్ట ఎప్పుడూ ఎడమ పళ్లెంలోనే, గుండ్లు అవతలి దాంట్లో. ఇది ఈ కార్ఖానా నియమం. లక్ష్మి కుడి నుంచి పోయి ఎడమకు, గుండె దిక్కు, తిరిగి రావాలని సేఠ్ ప్రతి దసరాకూ చెబుతాడు, మొగవాళ్లందరూ కళ్లు మూసుకుని దండం పెడతారు. మా ఆయన గట్టిగా మూసుకుంటాడు. నూలు కుడిలో, హ్యాండిల్ కుడిలో. కుడిలో ఏది పెడితే అది బరువు. మా నాయన సంతకు బట్టల కావడి మోసుకుని పోయేవాడు, రెండు కొసలకూ రెండు మూటలు, ఒక మూట చిన్నదైతే భుజం జరిపి కావడిబద్దను ఆ వైపు పొడుగు చేసేవాడు. చిన్న మూటే పెద్ద మూటను లేపేది. పొడుగున్న కొసకు లేని బరువు వస్తది బిడ్డా, అనేవాడు, నేను ఆ కొస పట్టుకుని వెంట నడిచేదాన్ని. పొడుగున్న కొస. కుడి కొస. కళ్లు చిట్లించి చూస్తే గోరంత తేడా కూడా కనబడదు, అంత నేర్పుగా చేశారు, లేక అంత పాతబడి అలా అయ్యిందో. కంటికి కనబడనిది మూట మీద తొమ్మిది తులాలైంది. పోగుకు గంజి బాగా పట్టిన మూటల్లో కప్పుకుపోయింది, పట్టనివాటిలో ఆరు, ఎనిమిది, తొమ్మిదిగా బయటపడింది. కుడిలో పెట్టి తక్కువ నూలు ఇస్తారు, ఎడమలో పెట్టి బట్టను తక్కువ చేస్తారు, మధ్యలో తేడా మా పెట్టెల్లో వెతుక్కోవాలి మేము. మా అమ్మ ఇచ్చిన అద్దం వెనక. అంజమ్మ ఎముకలో.

ఒళ్లు మండింది. సేఠ్ మీద కంటే ముందు ఈ వాకిట్లో దండాలు పెట్టే తలకాయలన్నిటి మీదా. సేఠ్ దొంగ, దొంగకు తన పని తెలుసు. వీళ్లకు ఏం తెలుసు? పోగు తెగితే చీకట్లో ముడి వేస్తారు, చీరంచులో ఒక్క పోగు తప్పితే దూరం నుంచే చెబుతారు, ముప్పై ఏళ్లుగా ఒక పళ్లెం నుంచి ఇంకో పళ్లానికి తిరిగే తమ బతుకు మాత్రం కనబడలేదు. "మెరిసేదే బిగించు గోవర్ధన్, ఇరుకైతే ఇరుకాయె" అంటున్నాడు మురళీధర్. "అయిపోయింది, తరాజు చెప్పింది, దించు పెంటప్పా" అంటున్నాడు సేఠ్, తొందరగా, మరీ తొందరగా. దించితే అయిపోతుంది. తర్వాత మా మగ్గం మాట వస్తుంది.

"చిన్న సేఠ్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "అటుది ఇటు, ఇటుది అటు పెట్టి చూడున్రి ఒకపారి."

వాకిలంతా తిరిగి చూసింది. మా ఆయన ముఖం ఎండలో నల్లబడింది. "ఏయ్ ద్రౌపదీ! నోరు మూయ్. మొగోళ్ల మాటల్ల నీకేం పని?" ఇన్నాళ్లకు నోరు వచ్చిందంటే మొదట విన్న మాట అది. నేను మురళీధర్ వైపే చూస్తున్నాను. ఆయనను తెలివైన మాటతో కదిలించలేం, ఆయన తెలివి అన్నట్టుగా చెప్పాలి. "పుణెల గట్లనే జేస్తరంట గద?" అన్నాను. పుణెలో ఏం చేస్తారో నాకేం తెలుసు.

"హా, హా! నేను గదే అనబోతున్న!" అన్నాడు. "బరాబర్, ఉల్టా పెట్టి చూడాలె. పెంటప్పా!"

"వద్దు" అన్నాడు సేఠ్. "ఒకపారి తూచినంక మల్ల తూచొద్దు. అపశకునం."

"కాయ్ బాబా, నీ శకునాలు! ఆదివారం నేను ఓడిపోతే ఏం శకునమైతది?" అని పెంటప్పను జరిపి తనే రెండు హ్యాండిళ్లనూ మార్చి పెట్టాడు. మెరిసేది కుడిలో, బూడిదది ఎడమలో. కుడి పళ్లెం దిగింది. మురళీధర్ నోరు తెరిచాడు. "అరె! ఇప్పుడు ఇది జడ్ అయ్యింది!" మళ్లీ మార్చాడు. కుడి దిగింది. "అరె! ఇప్పుడు అది!" మళ్లీ మార్చాడు. కుడి. ఒక్కోసారీ ఇంకా గట్టిగా అరుస్తున్నాడు, జాతరలో గారడీ చూసిన పిల్లవాడిలా, చూడున్రి చూడున్రి అని అందరినీ పిలుస్తున్నాడు. తన తండ్రి తాతల గుట్టును తన నోటితో, ఇంత పెద్ద గొంతుతో, వాకిలంతా వినేటట్టు దండోరా వేస్తున్నాడు, వేస్తున్నానని తెలియని ఒకే ఒక్క మనిషి తానే. చదువు చెప్పించినందుకు సేఠ్‌కు ఇంతకంటే పెద్ద ఫలం ఏం కావాలి? నాలుగోసారి మార్చేటప్పుడు చేతులు నెమ్మదించాయి. ఐదోసారి మార్చలేదు. తక్కెడ వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, మెడ మీద నుంచి ఎరుపు చెవుల దాకా పాకింది. గోవర్ధన్ ఒక్కడే నవ్వాడు, దాచుకోకుండా, గ్రీసు చేత్తో మూతి తుడుచుకుంటూ.

పక్క వీధిలో మగ్గాల చప్పుడు వినబడుతోంది, ఇక్కడ పదిమంది మొగవాళ్ల ఊపిరి. ఇప్పుడు లేస్తారు అనుకున్నాను. ఎవరో ఒకరు. నా మొగుడే లేస్తాడేమోనని కూడా అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని. సేఠ్ కండువాతో మెడ తుడుచుకుని, "తైలం తక్కువైనట్టున్నది" అన్నాడు. అంతే, ఆ మాట కోసమే ఉన్నట్టు వాకిలంతా ఊపిరి వదిలింది. "అవ్, తైలమే" అన్నాడు ఒకడు. "ఎండకు ఇత్తడి సాగుతది" అన్నాడు ఇంకొకడు. "పాతది గదా మరి" అన్నాడు పెంటప్ప. మా ఆయన కూడా అన్నాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా, కొంచెం గట్టిగా: "తైలమెయ్యాలె సేఠ్. నేనేస్త, తెమ్మంటరా?"

ఆయన్ని దొంగ అన్న తక్కెడకు ఆయనే నూనె పోస్తాడట. ఆ క్షణంలో నాకు కోపం కూడా పోయింది. కోపం రావాలంటే ఎదురుగా మనిషి ఉండాలి. నేను లేచాను. మూట చంకన పెట్టుకుని తక్కెడ దగ్గరకు నడిచాను, పదడుగులు. రెండు హ్యాండిళ్లనూ తీసి నేల మీద పెట్టాను. మురళీధర్ అడ్డం రాలేదు, పక్కకు తప్పుకున్నాడు. కుడి పళ్లెంలో మూట పెట్టాను. ఇది కూడా నిజమైన తూకం కాదని నాకు తెలుసు. ఇక్కడ మూట ఉన్నదానికంటే బరువు తూగుతుంది. కానీ నూలు ఇచ్చినప్పుడు ఏ అబద్ధంలో తూచారో ఆ అబద్ధంలోనే బట్టనూ తూచమంటున్నాను, అంతకంటే ఏమీ అడగడం లేదు. పెంటప్ప గుండ్లు తీయలేదు, సేఠ్ వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు వెనక నుంచి దగ్గు వినబడింది. మా అత్త వచ్చింది. మోకాళ్ల మీద చేతులు వేసుకుంటూ, ఒక్కో గుండూ ఎత్తి ఎడమ పళ్లెంలో తనే పెట్టింది. ఒక సేరు. రెండు. మూడు. కడ్డీ ఊగింది, ఇటు, అటు, ముల్లు నిలబడింది. నిటారుగా. తొమ్మిది తులాలు ఎక్కడికీ పోలేదు.

మా అత్త ముల్లు వైపు చాలాసేపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు, చూడలేకపోయింది. "నీ తాత నియమం మంచిదే సేఠ్" అంది. "కుడికెల్లి పోయింది, కుడికే వచ్చింది. మగ్గం ఇప్పుడు ఇప్పిస్తవా, రేపు ఇప్పిస్తవా?"

సేఠ్ వెనక్కి తగ్గాడు. కొడుకు అక్కడే ఉన్నాడు కనుక, మిస్త్రీ అక్కడే ఉన్నాడు కనుక, మిస్త్రీ దుకాణానికి సాఖర్ పేట సైకిళ్లు కూడా వస్తాయి కనుక. ఆఖరికి చేత్తో ఈగను తోలినట్టు అన్నాడు: "ఉండనీ మగ్గం. పోన్రి. సిద్ధరాములూ, నీ పెండ్లాన్ని ఇంటికి తోల్కపో." మా ఆయన వంగి వంగి దండం పెట్టాడు. దేనికో నాకు తెలియలేదు. మా మగ్గం మాకు మిగిలింది, దాని ముందు కూర్చునే మనిషి కూడా అలాగే మిగిలాడు. మురళీధర్ "మరి... ఏది బిగించాలె గోవర్ధన్?" అని అడిగాడు. గోవర్ధన్ బూడిద రంగుదాన్ని నేల మీది నుంచి తీసుకుని దుమ్ము దులిపాడు.

మూట దించి పెంటప్పకు ఇచ్చాను. తర్వాతి వంతు అంజమ్మ మొగుడిది. లేచాడు, మూటతో వచ్చాడు, తక్కెడ ముందు ఆగాడు. ఇంతసేపూ కళ్లు తెరుచుకునే ఉన్నాడు, అన్నీ చూశాడు, ముల్లు నిటారుగా నిలబడడం కూడా చూశాడు. కుడి పళ్లెం వైపు చూశాడు, సేఠ్ వైపు చూశాడు. మెల్లగా, ఎవరికీ చప్పుడు వినబడకూడదన్నట్టు, మూటను ఎడమ పళ్లెంలో పెట్టాడు. పెట్టి చేతులు కట్టుకున్నాడు. పెంటప్ప గుండ్లకు చెయ్యి చాపాడు. వాకిలి మళ్లీ మామూలు వాకిలి కాబోతోంది, ఒక్క గుండు దూరంలో ఉంది.

అంజమ్మ లేచింది. వంకర ముంజేతిని కొంగులోంచి బయటికి తీసి, మొగుణ్ని భుజంతో పక్కకు నెట్టింది.

"ఇవతల పెట్టయ్యా" అంది. "నన్ను కొట్టినప్పుడు కుడి ఏదో ఎడమ ఏదో బాగనే తెలిసింది గదా నీకు?"